వచ్చిన డబ్బు ఏ బిల్లులది? ఫీడ్ కొట్టు ఖాతాకు ప్రోగ్రాం: ప్రాజెక్టు డైరీ

పశ్చిమ గోదావరి జిల్లాలోని ఉండి ఊరి దగ్గర మా బావగారికి రొయ్యల ఫీడ్ (మేత) కొట్టు ఉంది. సాయంత్రాలు ఖాతాలు నేను చూస్తాను. పట్టుబడుల కాలంలో, అంటే చెరువుల్లో రొయ్యలు పట్టి అమ్మే రోజుల్లో, బ్యాంకులో రోజుకు ఐదారు జమలు పడతాయి. జమ పక్కన రైతు పేరు ఉంటుంది, మొత్తం ఉంటుంది. ఏ బిల్లుల తాలూకు డబ్బో ఉండదు. ఒక్కో రైతుకు ఇరవై, ముప్పై బిల్లులు బాకీ ఉంటాయి. వాటిలో ఏవేవి కలిపితే వచ్చిన మొత్తం సరిగ్గా వస్తుందో వెతికి చూపించే ప్రోగ్రాం రాయడం ఈ పని. ఎరువుల కొట్టు, కొబ్బరి వ్యాపారం, రైస్ మిల్లు, ఎక్కడైనా ఇదే చిక్కు ఉంటుంది కాబట్టి చేసినవి, చెడినవి వరసగా రాస్తున్నాను.

పాత బిల్లు నుంచి వరసగా జమ కట్టుకుంటూ పోతే సరిపోదా అని చాలామంది అడుగుతారు. మా దగ్గర సరిపోదు. బిల్లు తేదీ నుంచి 60 రోజులు దాటితే వడ్డీ మొదలవుతుంది, అందుకని ఏ బిల్లు తీరిందో తెలియకపోతే వడ్డీ లెక్క తప్పుతుంది. రెండోది, ఒకే రైతుకు ఒక చెరువు సొంతం, ఇంకో చెరువు బావమరిదితో పొత్తు, మూడోది కౌలు. పొత్తు చెరువు డబ్బుతో సొంత చెరువు బిల్లు కొట్టేస్తే వాళ్లింట్లో గొడవ. ఈ రెండు కారణాల వల్లే మా గుమస్తా గారు ఇన్నేళ్లుగా పెన్సిల్‌తో గంటల కొద్దీ కూర్చుని కూడుతున్నారు.

దశ 1: లెక్కలు బయటికి తీయడం (మే 27 – 30)

పరీక్షకు పోయిన పంట తాలూకు 61 జమలు తీసుకున్నాను. వాటికి గుమస్తా గారు చేత్తో కుదిర్చిన జవాబులు పుస్తకంలో ఉన్నాయి, రైతులు ఒప్పుకున్నవి. ప్రోగ్రాం చెప్పింది తప్పో ఒప్పో తేల్చుకోవడానికి ఇవి లేకపోతే ఈ పని మొదలుపెట్టనేకూడదు.

మొదటి రోజంతా కామాల మీదే పోయింది. అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ నుంచి సీఎస్‌వీ ఫైలు (గడుల మధ్య కామాలు పెట్టి రాసే మామూలు ఫైలు) తీస్తే మొత్తాలు 1,94,118 అని మన పద్ధతిలో కామాలతో వచ్చాయి. నేను పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో, ప్రతి వరసనూ కామా దగ్గర విడగొట్టే కోడు రాశాను. 1 ఒక గడిలో, 94 ఒక గడిలో, 118 ఇంకో గడిలో పడ్డాయి. లక్షా తొంభై నాలుగు వేల బిల్లు ఒక్క రూపాయి బిల్లు అయిపోయింది. పైథాన్‌లో సీఎస్‌వీ చదవడానికే ఒక మాడ్యూల్ (సిద్ధంగా దొరికే కోడు) ఉంది, కొటేషన్ గుర్తుల మధ్య ఉన్న కామాలను అది ముట్టుకోదు. దాంతో చదివి, తర్వాత కామాలు తీసేసి, అంకెగా మార్చాను.

రెండో తప్పు ఇంతకంటే కనపడనిది. బిల్లు మొత్తం బదులు జీఎస్టీతో వేరువేరుగా ఉన్న వరసలను నేనే కలిపాను, పైసలతో సహా. దశాంశాల్లో కూడితే కంప్యూటర్ దగ్గర 0.1, 0.2 కలిపితే 0.3 రాదు, 0.30000000000000004 వస్తుంది. కళ్లకు సరిపోయినట్టు కనిపించే మొత్తాలు కూడా ప్రోగ్రాంకు సమానం కాలేదు. ముందు అన్నిటినీ వందతో హెచ్చించి పైసల్లో పూర్ణాంకాలుగా మార్చాను. ఇది ఎవరైనా మొదటి రోజే చేయాల్సిన పని.

మూడోది: బిల్లులను వాటి మొత్తాన్నే పేరుగా పెట్టి దాచాను. ఒకే రోజు రెండు చెరువులకు ఇరవయ్యేసి బస్తాలు వెళితే రెండు బిల్లులూ ఒకే మొత్తం. రెండోది మొదటి దాన్ని తుడిచేసింది. బిల్లు నంబరు పేరుతో దాస్తే సరిపోయింది.

ఇప్పటిదాకా: 5 గంటలు. 61లో సరైనవి 0.

దశ 2: అన్ని కలయికలూ చూడటం (మే 31)

ప్రతి బిల్లూ ఉంటుంది, లేదా ఉండదు. బిల్లు ఒకటి పెరిగినప్పుడల్లా కలయికలు రెట్టింపు అవుతాయి. నా పాత ల్యాప్‌టాప్‌లో కొలిచిన సమయాలు:

1. 20 బిల్లులు, 10,48,576 కలయికలు: 0.9 సెకన్లు.
2. 24 బిల్లులు: 15 సెకన్లు.
3. 28 బిల్లులు: 3 నిమిషాల 50 సెకన్లు.
4. 34 బిల్లులు, సుమారు 1,718 కోట్ల కలయికలు: పెట్టలేదు. పై లెక్కనే చూసుకుంటే నాలుగు గంటలు.

మా దగ్గర పెద్ద రైతుకు ఉన్నవి ఆ 34 బిల్లులే. ఒక్క జమకు నాలుగు గంటలంటే గుమస్తా గారి పెన్సిలే నయం.

ఎక్సెల్‌లో సాల్వర్ (షరతులకు సరిపోయే విలువలు వెతికిపెట్టేది) కూడా చూశాను. ప్రతి బిల్లు పక్కన 0 లేదా 1 ఉండేలా పెట్టి, మొత్తానికి సమానం చేయమంటే చేస్తుంది. చిన్న ఖాతాలకు బాగానే ఉంది. కానీ ఒక జవాబు దొరకగానే ఆగిపోతుంది. ఇంకో జవాబు ఉందో లేదో చెప్పదు. ఆ రోజు దాన్ని పెద్ద లోపం అనుకోలేదు, జూన్ 12న గాని అర్థం కాలేదు.

ఇప్పటిదాకా: 8 గంటలు. సరైనవి 0.

దశ 3: పట్టిక కట్టడం (జూన్ 2, 3)

ఈ సమస్యకు అడ్డదారి దొరకలేదన్న సంగతి కొత్తది కాదు. 1972లో కంప్యూటర్ శాస్త్రవేత్త రిచర్డ్ కార్ప్ చూపించిన 21 కఠిన సమస్యల్లో ఇదీ ఉంది. ఏ అంకెలిచ్చినా ఎప్పుడూ వేగంగా పనిచేసే పద్ధతి ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు. కానీ మొత్తం మరీ పెద్దది కానప్పుడు పట్టిక పద్ధతి పనిచేస్తుంది. 0 నుంచి కావలసిన మొత్తం వరకు ఒక్కో గడి, ఒక్కో బిల్లుకు ఒక వరస. ఈ బిల్లుల దాకా వాడితే ఈ మొత్తం వస్తుందా రాదా అని ప్రతి గడిలోనూ రాసుకుంటూ పోవాలి.

రూ. 1,94,118 జమకు పెట్టాను. ల్యాప్‌టాప్ బిగుసుకుపోయింది. పవర్ బటన్ నొక్కి ఆపాల్సి వచ్చింది. తర్వాత కాగితం మీద లెక్క వేశాను: పైసల్లో 1,94,11,800 గడులు, 34 వరసలు, మొత్తం 66 కోట్ల గడులు. గడికి 8 బైట్ల చొప్పున 500 కోట్ల బైట్లు పైనే, అంటే సుమారు 5 జీబీ. 8 జీబీ మెమరీ ఉన్న మిషను మీద బ్రౌజరు, అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ కూడా తెరిచి ఉన్నాయి. ఈ గుణకారం ముందే చేసి ఉంటే ఒక సాయంత్రం మిగిలేది.

అప్పుడు బిల్లులు మళ్లీ చూశాను. మా బిల్లుల మీద చివరి మొత్తం ఎప్పుడూ రూపాయికి సర్దే ఉంటుంది. నేను తప్పు గడి తీసుకోబట్టే పైసలు వచ్చాయి. బిల్లు చివరి మొత్తమే తీసుకుని పైసలు వదిలేస్తే పట్టిక వంద రెట్లు తగ్గి 66 లక్షల గడులయింది.

ఇంకా తేలిక దారి కూడా ఉంది. పట్టికంతా అక్కర్లేదు. పైథాన్‌లో పూర్ణాంకం ఎంత పెద్దదైనా ఉండొచ్చు, అందుకే ఒకే ఒక్క పెద్ద అంకెలోని బిట్లనే (కంప్యూటర్ అంకెను దాచుకునే 0, 1 గుర్తులనే) గడులుగా వాడుకోవచ్చు.

1. అంకె 1తో మొదలుపెట్టాలి. సున్నా మొత్తం వస్తుందని దాని అర్థం.
2. ప్రతి బిల్లుకూ ఆ అంకెను బిల్లు మొత్తం అంత ఎడమకు జరిపి, పాత అంకెతో బిట్ల వారీగా కలపాలి, అంటే రెండింటిలో ఎందులో 1 ఉన్నా అక్కడ 1.
3. కావలసిన మొత్తాన్ని దాటిన బిట్లు కత్తిరించాలి.
4. చివర్లో కావలసిన మొత్తం దగ్గరి బిట్ 1 అయితే కలయిక ఉంది, 0 అయితే లేదు.

1,94,118 రూపాయలకు ఇది సుమారు 24 వేల బైట్లు. కన్ను మూసి తెరిచేలోగా అయిపోతుంది. ఉందో లేదో మాత్రమే చెబుతుంది, ఏ బిల్లులో చెప్పదు. దీన్ని మొదటి జల్లెడగా ఉంచుకున్నాను.

ఇప్పటిదాకా: 12 గంటలు. సరైనవి 0, కానీ ఏ జమకు అసలు కలయికే లేదో తెలుసు.

దశ 4: రెండు సగాలు (జూన్ 5 – 8)

1974లో ఎల్లిస్ హోరోవిట్జ్, సర్తాజ్ సాహ్ని ప్రచురించిన పద్ధతి ఇది. సాహ్ని ఐఐటీ కాన్పూర్‌లో చదివినవారు. పద్ధతి ఇంత సులువుగా ఉంటుందని అనుకోలేదు:

1. బిల్లులను రెండు సగాలు చేయాలి. 34 అయితే 17, 17.
2. మొదటి సగంలో వచ్చే అన్ని కూడికలూ రాయాలి. 1,31,072 వస్తాయి. ఏ బిల్లులతో వచ్చిందో పక్కన గుర్తు పెట్టుకోవాలి.
3. రెండో సగానికీ అంతే. వీటిని, మొత్తం ఎంతో చెబితే గుర్తు ఇచ్చేలా, డిక్షనరీ అనే జాబితాలో పెట్టాలి.
4. మొదటి సగంలోని ప్రతి కూడికనూ కావలసిన మొత్తం నుంచి తీసేసి, మిగిలినది డిక్షనరీలో ఉందేమో చూడాలి.

1,718 కోట్ల కలయికల పని రెండు లక్షల అరవై రెండు వేల కూడికల్లో తేలిపోయింది. నాలుగు గంటలనుకున్నది ఒక సెకను లోపే. 40 బిల్లుల దాకా ఇబ్బంది లేదు, సగానికి పది లక్షల చిల్లర కూడికలు. 50 అయితే సగానికి 3.35 కోట్లు, పైథాన్ డిక్షనరీకి నా మిషనులో చోటు చాలదు. అంత పెద్ద ఖాతా వస్తే దశ 3 పట్టికకు వెనక్కి వెళ్లాలి.

జవాబులు ఎక్కువ వస్తే తక్కువ బిల్లులున్నదే ఎంచుకోమని రాశాను. రెండు మూడు బిల్లులతో సరిపోతుంటే తొమ్మిది బిల్లులతో ఎందుకు అన్నది నా ఆలోచన. 61 జమల మీద నడిపి పుస్తకంతో పోల్చాను. 23 సరిపోయాయి. మిగతావి ఎందుకు సరిపోలేదో కూర్చుని చూడాల్సింది. పట్టుబడులు ముమ్మరంగా ఉన్నాయి, గుమస్తా గారు జ్వరంతో రావడం లేదు. ఒకే జవాబు చూపించిన వాటిని నమ్మవచ్చులే అనుకుని ఆ వారం కొత్త జమలకు వాడేశాను. ఈ ప్రాజెక్టులో చేసిన పెద్ద తప్పు అదే.

ఇప్పటిదాకా: 17 గంటలు. 61లో సరైనవి 23.

దశ 5: కట్టని బిల్లు తీరిపోయింది (జూన్ 12)

ఒక రైతు కొట్టుకు వచ్చారు. పెద్దాయన, చాలా ఏళ్ల నుంచి ఖాతా ఉంది. స్టేట్‌మెంట్ కాగితం బల్ల మీద పెట్టి అడిగారు.

"ఈ తొమ్మిది వేల ఆరు వందల బిల్లు తీరిపోయిందని రాశారేంటి బాబూ? నేను కట్టలేదండి దీన్ని. ఆ మినరల్ బస్తాలు తడిసొచ్చాయని మీ గుమస్తా గారికి ఆ రోజే చెప్పాను. సంగతి తేలాక ఇస్తానని పక్కన పెట్టాను. ఇప్పుడు నేను ఒప్పేసుకున్నట్టు అయిపోయింది గదండీ."

ఆయన గొంతు పెంచలేదు. జేబులోంచి చిన్న డైరీ తీసి, తాను కట్టిన బిల్లులు ఒక్కొక్కటీ వేలు పెట్టి చూపించారు. ఆయన కట్టింది రెండో చెరువు తాలూకు రూ. 28,800 బిల్లు. ప్రోగ్రాం దాన్ని వదిలేసి 19,200 ఫీడ్ బిల్లు, 9,600 మినరల్ బిల్లు తీరినట్టు రాసింది. రెండూ కలిపితే అదే 28,800. ఇంకా తేలని తడిసిన బస్తాల గొడవలో ఆయనదే తప్పన్నట్టు మా కాగితం చెబుతోంది. పైగా కట్టేసిన 28,800 బిల్లు మీద వడ్డీ నడుస్తోంది. బావగారు వెంటనే క్షమించమని అడిగారు, నేనూ అడిగాను. ఆ స్టేట్‌మెంట్ రద్దు చేసి చేత్తో కొత్తది రాసిచ్చాం.

రాత్రి కోడు తెరిచాను. తక్కువ బిల్లులున్న జవాబే ఎంచుకోమన్నప్పుడు 28,800 ఒక్క బిల్లే రావాలి కదా? రాలేదంటే ఆ జవాబు ప్రోగ్రాంకు కనపడలేదన్నమాట. దశ 4లో మూడో మెట్టు చూడండి. డిక్షనరీలో ఒక మొత్తానికి ఒకే గుర్తు దాచాను. 28,800 బిల్లు, 19,200తో 9,600 కలిసిన జత, మూడూ రెండో సగంలోనే ఉన్నాయి. రెండింటి మొత్తం ఒకటే కాబట్టి వెనక వచ్చిన జత ముందు రాసిన ఒక్క బిల్లును తుడిచేసింది. ఆ జమకు జవాబు ఒక్కటే అని తెర మీద చూపించింది. ఆ మాట నమ్మే నేను బిల్లులు కొట్టేశాను.

మార్పు చిన్నది: ప్రతి మొత్తానికీ గుర్తుల జాబితా దాచాలి, ఒక్క గుర్తు కాదు. మీరు ఈ పద్ధతి రాసుకుంటే ముందు ఇది సరిచూసుకోండి.

అలా మార్చి, దశ 3లో చెప్పిన రూ. 1,94,118 జమకు మళ్లీ నడిపాను. 1,386 జవాబులు వచ్చాయి.

ఆ అంకె చూశాక గాని అసలు లెక్క వేయలేదు. ఆ రైతు 34 బిల్లుల మొత్తం రూ. 11,20,000. కలయికలు 1,718 కోట్లు. అన్ని కోట్ల కలయికలూ 11 లక్షల 20 వేల రూపాయల అంకెల్లోనే సర్దుకోవాలి. సగటున ఒక్కో రూపాయి అంకెకూ 15 వేల పైన కలయికలు పడతాయి. అంటే ఆయన పంపిన మొత్తమే కాదు, ఆ మధ్యలో ఏ అంకె వేసినా చాలావరకు ఏదో ఒక కూడిక దొరుకుతుంది. కూడిక కుదిరినంత మాత్రాన అది ఆయన కట్టిన బిల్లులని రుజువు కాదు. ఇది తెలియకుండా వారం రోజులు బిల్లులు కొట్టేశాను. ఆ వారం తాలూకు 14 జమలూ వెనక్కి తీసి, గుమస్తా గారు వచ్చాక ఇద్దరం కూర్చుని మళ్లీ కుదిర్చాం. మూడు తప్పులు దొరికాయి.

ఇప్పటిదాకా: 20 గంటలు, వెనక్కి తీసిన పని కాక. ఆ రోజు నుంచి ప్రోగ్రాం తనంత తాను ఏ బిల్లూ కొట్టేయదు.

దశ 6: ఇన్నిట్లో ఏది (జూన్ 14 – 24)

ఎక్కువ రోజులు పట్టింది ఇక్కడే. ముందు గుమస్తా గారి పక్కన కుర్చీ వేసుకుని ఆయన ఎలా కుదురుస్తారో చూశాను. ఆయన కూడటంతో మొదలుపెట్టరు.

"చివరి అంకె చూడండి," అన్నారు. "ఫీడ్ బిల్లు ఎప్పుడూ సున్నాతోనే ముగుస్తుంది. జమలో చివర నాలుగు ఉందంటే అది మందుల బిల్లులోంచి వచ్చిందే. ముందు ఆ నాలుగు ఎక్కడిదో పట్టుకోవాలి."

మా కొట్టులో బస్తా ధరలన్నీ పది గుణిజాలే, ఫీడ్ మీద జీఎస్టీ లేదు. మందులు, మినరల్స్, ప్రోబయోటిక్స్ మీద జీఎస్టీ ఉంది, అందుకే వాటి మొత్తాలు ఎక్కువగా ఎగుడుదిగుడుగా వస్తాయి. లెక్క తేలికగా ఉండాలని బస్తా రూ. 2,400 అనుకుని ఒక చిన్న ఖాతా ఇస్తున్నాను. మీ ప్రోగ్రాంను దీని మీద పరీక్షించుకోవచ్చు.

1. 20 బస్తాలు: 48,000
2. 12 బస్తాలు: 28,800
3. 8 బస్తాలు: 19,200
4. మందులు: 7,434
5. 30 బస్తాలు: 72,000
6. మందులు: 11,682
7. 16 బస్తాలు: 38,400
8. 10 బస్తాలు: 24,000
9. మందులు: 4,956

జమ రూ. 1,03,434. మందుల బిల్లులు మూడు, వాటి కలయికలు ఎనిమిదే. చివరి అంకె 4 వచ్చేది నాలుగో బిల్లు ఒక్కటే తీసుకుంటేనే. అది తీసేస్తే మిగిలేది 96,000, అంటే 40 బస్తాలు. 20, 12, 8 కలిపితే 40. 30, 10 కలిపినా 40. ఇంకో దారి లేదు. మీ ప్రోగ్రాం సరిగ్గా ఈ రెండు జవాబులే ఇవ్వాలి. ఒకటే ఇస్తే నా తప్పే మీరూ చేశారు.

ఫీడ్ బిల్లులతో ఇన్ని తప్పుడు జవాబులు ఎందుకొస్తాయో ఇక్కడే తెలుస్తుంది. అన్నీ బస్తా ధరకు గుణిజాలు కాబట్టి అవి ఒకదానికొకటి సులువుగా సరిపోతాయి. 12, 8 కలిస్తే 20 బస్తాల బిల్లుకు సమానమైపోతుంది. మందుల బిల్లులే వేలిముద్రల్లాంటివి.

గుమస్తా గారి మాట విన్నాక ప్రోగ్రాం చూపించే తీరు మార్చాను. అన్ని జవాబుల్లోనూ ఉన్న బిల్లులు పైన "ఖాయం" అని వస్తాయి. పై ఉదాహరణలో నాలుగో బిల్లు ఖాయం. మిగతావి "అడగాలి" అని కింద వస్తాయి. వేల జవాబుల జాబితా కంటే ఇదే మనిషికి పనికొచ్చేది.

తర్వాత నియమాలు ఒక్కొక్కటే కలిపి, ప్రతిసారీ 61 జమల మీద కొలిచాను.

తేదీ: జమ పడిన తర్వాత రాసిన బిల్లులు ఆ జమలో ఉండవు. ఇంత మామూలు విషయం మొదట రాయలేదు. ఆ పెద్ద ఖాతాలో 34 బిల్లులు 26 అయ్యాయి, 1,386 జవాబులు 37 అయ్యాయి. 61లో సరైనవి 23 నుంచి 38కి వచ్చాయి.

బిల్లుల సంఖ్య: తక్కువ బిల్లులే మంచివన్న నియమం తీసేశాను. రైతు చెరువు పట్టాక ఆ పంటకు వాడిన మేతంతా ఒకేసారి కడతాడు. నిజమైన జవాబులో తొమ్మిది, పది బిల్లులు ఉండటమే మామూలు. పై చిన్న ఖాతాలో కూడా 30, 10 జవాబే పొట్టిది. అసలు ఖాతాలో దానిలాంటి జమకు రైతు కట్టింది 20, 12, 8 లాంటి మూడు ఫీడ్ బిల్లుల జవాబే.

చెరువు: బిల్లు మీద చెరువు నంబరు పెన్నుతో రాయడం మా కొట్టు అలవాటు, కంప్యూటర్‌లో మాత్రం లేదు. రెండు సాయంత్రాలు కూర్చుని 700 పైచిలుకు పాత బిల్లులకు ఎక్కించాను. విసుగు పుట్టించే పనే, కానీ ఈ మొత్తం ప్రాజెక్టులో దీనికి మించి ఉపయోగపడింది లేదు. ఒకే చెరువు బిల్లులున్న జవాబు పైకి, చెరువులు కలగలిసినది కిందికి. ఆ చెరువు బిల్లుల వరసలో మధ్యలో వదిలేసినవి తక్కువ ఉన్నది ఇంకా పైకి. సరైనవి 49.

పక్కన పెట్టినవి: రైతు అభ్యంతరం చెప్పిన బిల్లుకు ఒక గుర్తు. ఆ బిల్లు వెతుకులాటలోకే రాదు.

సమాన బిల్లులు: ఒకే చెరువుకు ఒకే మొత్తం బిల్లులు రెండుంటే పాతదే తీరినట్టు. లేకపోతే ఒకే జవాబు రెండుసార్లు కనిపిస్తుంది.

ఇప్పటిదాకా: 29 గంటలు. సరైనవి 49.

దశ 7: తిరిగొచ్చిన బస్తాలు (జూన్ 27)

వైట్ స్పాట్ (రొయ్యలకు వచ్చే తెల్లమచ్చల జబ్బు) తగిలి ముందే పట్టేసిన చెరువుల నుంచి విప్పని బస్తాలు వెనక్కి వస్తాయి. ఖాతాలో అవి మైనస్ మొత్తాలు. దశ 3 పట్టికలో "కావలసిన మొత్తం దాటితే కత్తిరించు" అని ఉంది కదా, మైనస్ బిల్లు ఉంటే అది తప్పు. దాటిన మొత్తం తర్వాత తగ్గి సరిపోవచ్చు. నిజంగా జవాబున్న మూడు జమలకు "లేదు" అని వచ్చింది ఇందుకే.

సరిచేసిన తీరు: వాపసు రూ. 4,800, జమ రూ. 50,000 అనుకోండి. కావలసిన మొత్తాన్ని 54,800 చేయాలి. వాపసును 4,800 ప్లస్ బిల్లుగా జాబితాలో పెట్టాలి. జవాబులో ఆ 4,800 ఉంటే రైతు వాపసు తగ్గించుకోలేదని అర్థం, లేకపోతే తగ్గించుకున్నాడని. మైనస్ అంకెలు ఎక్కడా ఉండవు, పట్టిక మార్చక్కర్లేదు. వాపసులు ఎన్ని ఉన్నా ఇదే పద్ధతి, అన్నిటినీ కావలసిన మొత్తానికి కలపాలి.

ఇప్పటిదాకా: 32 గంటలు. సరైనవి 52.

దశ 8: జవాబు రానివి (జూన్ 29 – జూలై 6)

మిగిలినవి తొమ్మిది. నాలుగింటికి రెండేసి జవాబులు, ప్రోగ్రాం తేల్చలేదు. అయిదింటికి అసలు కలయికే లేదు.

లేనివాటి కోసం తేడా రూ. 100 దాకా ఒప్పుకోమని రాసి చూశాను. 37 జవాబులున్న ఆ పెద్ద ఖాతాకే 2,900 దాటాయి. వెంటనే తీసేశాను. చిన్న తేడా ఒప్పుకోవడమంటే తప్పుడు జవాబులకు తలుపు బార్లా తీయడమే. అయిదింటినీ విడివిడిగా చూశాను:

1. రెండు జమలు గుండ్రటి అంకెలు, ఒకటి సరిగ్గా 1,50,000. అవి ఏ బిల్లులవీ కావు, చేతిలో ఉన్నంత వేశారు. వేలల్లో గుండ్రంగా ఉన్న జమకు ప్రోగ్రాం ఇప్పుడు వెతకదు, ఖాతాలో జమ అని మాత్రం చూపిస్తుంది.
2. ఒకదానిలో హమాలీ ఖర్చు తగ్గించి వేశారు. ఆ ఖర్చును మైనస్ పద్దుగా రాశాక కుదిరింది.
3. ఒకటి రొయ్యలు కొన్నవారు రెండు రోజుల్లో రెండు ముక్కలుగా పంపినది. రెండూ కలిపితే సరిపోయింది. వారం లోపల ఒకే రైతు నుంచి వచ్చిన జమలను జంటలుగా కూడా వెతకడం చేర్చాను.
4. ఒకటి మా తప్పే. 38,400 బిల్లును కంప్యూటర్‌లో 34,800 అని ఎక్కించాం. తేడా 3,600. తేడా తొమ్మిదితో నిశ్శేషంగా పోతే అంకెలు తారుమారయ్యాయేమో చూడమని గుమస్తా గారు చెప్పారు. పక్కపక్క అంకెలు తిరగబడితే తేడా ఎప్పుడూ తొమ్మిది గుణిజమే. ఇప్పుడు కలయిక దొరకనప్పుడు, ఒక్కో బిల్లులో పక్క అంకెలు తిప్పితే జవాబు వస్తుందా అని కూడా చూస్తుంది. అది అనుమానం కిందే చూపిస్తుంది, కాగితం బిల్లు తీసి చూడాల్సింది మనమే.

రెండు జవాబులున్న నాలుగింటికి ఇంకో నియమం కనిపెట్టాలని రెండు రోజులు ప్రయత్నించాను. 61 జమల మీద సరిపోయే నియమాలు ఎన్నైనా రాయొచ్చు, తర్వాతి పంటకు అవి నిలుస్తాయన్న నమ్మకం లేదు. వదిలేసి ఫోన్ చేయడమే పద్ధతిగా పెట్టాం. ఫోన్‌లో బిల్లు నంబరు అడిగితే రైతుకు గుర్తుండదు, కాగితాలు ఇంటి దగ్గర ఉంటాయి, ఆయన గట్టు మీద ఏరియేటర్ల (చెరువు నీటికి గాలి పట్టించే యంత్రాల) దగ్గర ఉంటారు. అందుకని రెండు జవాబులకు తేడా ఎక్కడుందో చూసి అది అడిగే ప్రశ్నను ప్రోగ్రామే తయారు చేస్తుంది. "ఏ చెరువు తాలూకండీ?" లేదా "మే నెలలో తీసుకున్న ముప్పై బస్తాలది కూడా కలిపారాండీ?" అని.

మొత్తం: 38 గంటలు. 61లో సరైనవి 52, అడగాల్సినవి 4, కలయిక దొరకక విడిగా చూసినవి 5. తప్పుగా ఖాయం చెప్పినవి 0. నేను ఇక చూస్తున్నది ఈ చివరి అంకె ఒక్కటే.

జూలై 9

ఈ రోజు అయిదు జమలు. మూడు ఒకే జవాబుతో తేలాయి, గుమస్తా గారు పుస్తకంలో చూసి సరే అన్నారు. ఒకటి గుండ్రటి అంకె. అయిదోది దశ 5లో చెప్పిన పెద్దాయనదే, రెండు జవాబులు వచ్చాయి. బావగారే ఫోన్ చేశారు.

"మూడో చెరువుదండి," అన్నారాయన. "ఆ మినరల్ బిల్లు మాత్రం ఇందులో లేదు, చూసుకోండి."

ఆ బిల్లు గుర్తు పెట్టి అలాగే ఉంది. తడిసిన బస్తాల ఫోటోలు ఆయన పంపారు. సోమవారం బావగారు వాటిని తీసుకుని సరఫరాదారు దగ్గరకు వెళుతున్నారు.